బీడు పెంక ముందా, ఎనామిల్ గిన్నె ముందా: జొన్న రొట్టె, పులుసు వండే ఇంటికి ఎంపిక సలహా

బీడు ఇనుముతో పోసిన పెంకలు, కడాయిలు కొన్నేళ్లుగా మళ్లీ వంటిళ్లలోకి వస్తున్నాయి. అదే బీడు ఇనుముపై రంగుల ఎనామిల్ పూత వేసిన బరువైన మూత గిన్నెలు కూడా ఆన్‌లైన్ దుకాణాల ద్వారా నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి పట్టణాల ఇళ్లకు చేరుతున్నాయి. ఇవి ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వాడుకునే వస్తువులు కాబట్టి ఏది కొనాలో నిదానంగా ఆలోచించుకోవడం మంచిది. పాశ్చాత్య వంటలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన సలహాలు మనకు సగమే పనికివస్తాయి, ఎందుకంటే వారి వంటింట్లో రోజూ జొన్న రొట్టె కాలదు, రోజూ చింతపండు నానదు. దక్షిణ తెలంగాణ ఇంటికి నా సలహా ఇది: ముందుగా పూత లేని బీడు పెంక కొనాలి, పులుపు వంటలు ఎక్కువగా, నెమ్మదిగా వండుకునే ఇంటివారు ఆ తర్వాత ఎనామిల్ గిన్నె గురించి ఆలోచించవచ్చు, రొట్టెల కోసం ఎనామిల్ పెంకను మాత్రం ఎన్నడూ కొనకూడదు.

రెండింటిలోనూ అసలు లోహం ఒకటే. 2 నుంచి 4 శాతం దాకా కర్బనం కలిసిన ఇనుమును కరిగించి అచ్చులో పోస్తే బీడు తయారవుతుంది. ఇది వేడిని త్వరగా పాకనివ్వదు. ఈ విషయంలో అల్యూమినియంతో పోలిస్తే దీని సామర్థ్యం దాదాపు నాలుగో వంతే. అందుకే చిన్న బర్నర్ మీద పెద్ద పెంక పెడితే నడుమ మాడుతుంది, అంచులు చల్లగానే ఉంటాయి. అయితే మందంగా, బరువుగా ఉండటం వల్ల ఒకసారి కాగిందంటే ఆ వేడిని చాలాసేపు నిలుపుకుంటుంది, చల్లని పిండి వేసినా, తడి కూరగాయలు వేసినా సులభంగా చల్లారదు. ఎనామిల్ అంటే గాజు పొడి. దానిని లోహం మీద పూసి సుమారు 750 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి అంటిస్తారు. ఆ గాజు పొర ఇనుముకూ కూరకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది, కాబట్టి తుప్పు పట్టదు, పులుపు ఇనుమును తాకదు, సీజనింగ్ (నూనె రాసి కాల్చి లోహం మీద పొర కట్టించడం) అవసరం ఉండదు. అడ్డుగా ఉన్నది గాజు కావడం వల్ల గాజుకు ఉండే బలహీనతలన్నీ కూడా ఆ గిన్నెకు వస్తాయి.

రొట్టె దగ్గర

జొన్న పిండిలో గోధుమ పిండికి ఉండే జిగురు ఉండదు. అందుకే మసిలే నీళ్లతో పిండి కలిపి, చేత్తో తట్టి, కాగిన పెంక మీద నూనె చుక్క కూడా లేకుండా వేస్తాము. వేసిన వెంటనే పైభాగాన్ని నీళ్లతో తడుపుతాము. ఆ తడి పూర్తిగా ఆరకముందే, పిండి రంగు మారే క్షణం చూసి తిప్పాలి. ఆలస్యమైతే రొట్టె పగులుతుంది, తొందరపడితే పెంకకు అంటుకుంటుంది. ఈ మొత్తం పనిలో పెంక ఖాళీగా, పొడిగా, పెద్ద మంట మీద చాలాసేపు ఉంటుంది, మధ్యమధ్య దాని మీద నీటి చుక్కలు పడుతూనే ఉంటాయి. ఎనామిల్ ఓర్చుకోలేనివి సరిగ్గా ఈ రెండే. ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద పెట్టవద్దని తయారీదారులు దాదాపు అందరూ హెచ్చరిస్తారు. ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారినప్పుడు ఇనుమూ గాజూ ఒకే తీరున వ్యాకోచించవు, సంకోచించవు, దానితో పూత మీద సన్నని పగుళ్లు మొదలవుతాయి.

పూత లేని బీడుకు ఆ భయం లేదు. మొదటి రొట్టెకూ పదో రొట్టెకూ వేడిలో పెద్ద తేడా రాకపోవడం దాని అసలైన మేలు. పలుచని రేకు పెంక మీద ప్రతి రొట్టెకూ మంట పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి, బీడు పెంకను సన్నని మంట మీద ఎనిమిది, పది నిమిషాలు కాగనిస్తే ఆ తర్వాత మంట జోలికి పెద్దగా పోనవసరం లేదు. అయితే ఒక విషయం ముందే తెలుసుకోవాలి. రొట్టెలు కాల్చే పెంక మీద దోశ బాగా రాదు. రాలిన పిండి మాడి, పొడి వేడికి నూనె పొర సన్నబడి, దోశ పిండి పట్టుకుంటుంది. ఇంట్లో రెండూ రోజూ చేసుకునే వారు రెండు పెంకలు ఉంచుకోవడమే మేలు. ఎనామిల్ గిన్నెకు పెట్టే డబ్బుతో రెండు మంచి బీడు పెంకలు, చాలాసార్లు ఒక కడాయి కూడా వస్తాయి.

పులుసు దగ్గర

ఇక్కడ తూకం ఎనామిల్ వైపు మొగ్గుతుంది. చింతపండు పులుసు, పుంటికూర, చింతచిగురు మాంసం, టమాట కూర, సాగర్ నుంచో శ్రీశైలం జలాశయం నుంచో వచ్చిన చేపల పులుసు, ఇవన్నీ ఇనుమును కరిగిస్తాయి. పులుపులోని ఆమ్లం మొదట సీజనింగ్ పొరను తింటుంది, ఆ తర్వాత లోహాన్ని అందుకుంటుంది. వంకాయ వంటి వాటిలో ఉండే వగరు పదార్థాలు ఇనుముతో కలిసి కూరను నల్లబరుస్తాయి. గుత్తి వంకాయను బీడు కడాయిలో చింతపండు రసంతో అరగంట మగ్గిస్తే రంగు ముదిరి, నాలుకకు లోహపు రుచి తగులుతుంది. చివరి ఐదు నిమిషాల్లో కొంచెం పులుపు వేసి వెంటనే మరో గిన్నెలోకి తీసేస్తే ఇబ్బంది ఉండదు. పులుపులోనే ఉడకవలసిన కూరకు మాత్రం బీడు సరైన పాత్ర కాదు.

ఎనామిల్ గిన్నెలో అదే కూర రంగు మారకుండా ఉంటుంది. చేపల పులుసును గంటె పెట్టి కలపకుండా గిన్నెను చెవులు పట్టుకుని తిప్పే అలవాటు ఉన్నవారికి దాని బరువు కొంత కష్టమే, కానీ అడుగు అంటకుండా, ముక్క చెదరకుండా సన్నని సెగ మీద ఉడకడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. తలకాయ కూర, నాటుకోడి, ఎముకల పులుసు వంటివి గంటల తరబడి మగ్గవలసినవి కాబట్టి, బరువైన మూత ఆవిరిని లోపలే ఆపే ఈ గిన్నెలో బాగా వస్తాయి. మంట ఆపేసిన తర్వాత కూడా చాలాసేపు ఉడుకు తగ్గదు కనుక పది నిమిషాలు ముందే పొయ్యి కట్టేయవచ్చు. జొన్న అంబలి రాత్రంతా పులియబెట్టుకోవడానికీ ఇది పనికివస్తుంది, పూత లేని ఇనుములో ఆ పని ఎంతమాత్రం చేయకూడదు.

అయినప్పటికీ దీనిని రెండో కొనుగోలుగానే ఎందుకు చెబుతున్నానంటే, పులుపు వండుకోవడానికి మన ఇళ్లలో ఇప్పటికే మంచి పాత్రలు ఉన్నాయి. మట్టి చట్టి పులుపుకు చక్కగా సరిపోతుంది, అడుగు మందంగా ఉన్న స్టీలు గంజు కూడా సరిపోతుంది. జొన్న రొట్టెకు బీడు పెంక ఇచ్చే స్థిరమైన వేడిని మాత్రం ఇంట్లో ఉన్న మరే పాత్రా ఇవ్వదు. పప్పు విషయానికి వస్తే ప్రెషర్ కుక్కర్ చేసే పనిని ఈ రెండూ చేయవు.

ఎనామిల్ గిన్నెలో పోపు వేసేవారు తమ పద్ధతిని కొంత మార్చుకోవాలి. ఖాళీ గిన్నెను ఎర్రగా కాగనిచ్చి నూనె పోయడం కాకుండా, చల్లని గిన్నెలోనే నూనె పోసి, నడిమి మంట మీద కాగనివ్వాలి. పోపు చిటపటలాడుతుండగా కుండలోని చల్లని చింతపండు నీళ్లు ఒక్కసారిగా పోస్తే పూతకు ప్రమాదం. ఆ నీళ్లను పక్క పొయ్యి మీద గోరువెచ్చగా చేసి పోయాలి. స్టీలు గంటె బదులు చెక్క గంటె వాడాలి. లేత రంగు లోపలి భాగం పసుపుకు పచ్చబడుతుంది. వంటసోడా కలిపిన నీళ్లు పది నిమిషాలు మరగనిచ్చి తోమితే చాలావరకు పోతుంది కానీ, పూర్తిగా కొత్తదానిలా మాత్రం కాదు. ఈ చిరాకు వద్దనుకునేవారు లోపల నల్లని, కాస్త గరుకైన ఎనామిల్ ఉన్న గిన్నెను ఎంచుకోవచ్చు.

సర్వపిండి విషయంలో జాగ్రత్త

బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపిన ముద్దను గిన్నె అడుగున నూనె రాసి వేళ్లతో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చే సర్వపిండికి బీడు అద్భుతమైన పాత్ర. అడుగు ఒకే తీరున ఎర్రబడుతుంది, పప్పు బద్దలు మాడకుండా కరకరలాడతాయి. చిక్కంతా రెండో వాయి దగ్గర వస్తుంది. పిండిని చేత్తో ఒత్తాలంటే గిన్నె చల్లారాలి. మామూలు గిన్నె అయితే నీళ్లలో ముంచి చల్లార్చుకుని మళ్లీ ఒత్తుతారు. కాగిన బీడు పాత్రను నీళ్లలో ముంచితే పగులుతుంది, ఎనామిల్ అయితే పూత పెచ్చులూడుతుంది. ఆ పాత్రను దానంతట అదే చల్లారనివ్వాలంటే అరగంట వరకు పడుతుంది. కాబట్టి తడి గుడ్డ మీదనో, నూనె రాసిన అరిటాకు మీదనో పిండిని విడిగా ఒత్తుకుని, వేడి పెంక మీదకు జాగ్రత్తగా జార్చుకోవాలి. పిండిని కొంచెం గట్టిగా కలుపుకుంటే అది విరగకుండా దిగుతుంది. ఈ మార్పు ఇష్టం లేనివారు సర్వపిండికి తమ పాత గిన్నెనే ఉంచుకోవచ్చు.

సంక్రాంతికి సకినాలు, మురుకులు కాల్చడానికి బీడు కడాయి చాలా బాగుంటుంది, వాయి వేసినప్పుడు నూనె వేడి అంతగా పడిపోదు. పైగా నూనె కాగిన ప్రతిసారీ కడాయి సీజనింగ్ బలపడుతుంది.

ఇనుము, నీళ్లు: ఆరోగ్యానికి సంబంధించిన మాట

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇనుప పాత్రలో వండితే కూరలోకి ఇనుము చేరుతుందన్నది నిజమే. 1986లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 100 గ్రాముల యాపిల్ గుజ్జులో 0.35 మిల్లీగ్రాములున్న ఇనుము బీడు పాత్రలో వండాక 7 మిల్లీగ్రాములు దాటింది. తేమ, పులుపు, ఉడికే సమయం పెరిగే కొద్దీ ఇనుము ఎక్కువగా చేరుతుంది; కాల్చిన రొట్టెలో చేరేది స్వల్పం. ఈ ఇనుములో శరీరం గ్రహించేది కొంతే, అది కూడా నిమ్మరసం వంటి వాటితో తింటే పెరుగుతుంది, భోజనం వెంటనే చాయ్ తాగితే తగ్గుతుంది. బీడు కడాయిలో ఆకుకూర వేపుడు చేసుకుని దింపాక నిమ్మకాయ పిండుకోవడం మంచి అలవాటే, కానీ డాక్టరు రాసిన మాత్రలకు అది బదులు కాదు. తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునేవారు, శరీరంలో ఇనుము పేరుకునే జబ్బు ఉన్నవారు ఉన్న ఇంట్లో వారి కూరలను ఎనామిల్ లేదా స్టీలులో వండటమే క్షేమం. ఎనామిల్ నుంచి ఇనుము రాదు, కాబట్టి రక్తహీనత కోసం బీడు కొనాలనుకునేవారు పూత ఉన్నదానిని కొంటే ఆ ప్రయోజనం దక్కదు.

నల్లగొండ జిల్లాలో నీళ్ల ప్రస్తావన లేకుండా వంట పాత్రల గురించి మాట్లాడటం కుదరదు. ఏ పాత్రా నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసివేయదు. నీళ్లు మరిగితే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి చిక్కబడుతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో గంటల తరబడి మరిగే పులుసులకు, అంబలికి నల్లా ద్వారా వచ్చే శుద్ధి చేసిన నీళ్లనే వాడాలి. పాత్ర ఖర్చు కంటే ముందు ఆలోచించవలసిన విషయం ఇది. బోరు నీళ్ల కాఠిన్యం మాత్రం పాత్ర ఎంపికకు సంబంధించినదే. ఎనామిల్ లోపల తెల్లని పొర కడుతుంది, నీళ్లు కలిపిన వెనిగర్‌తో కొద్దిసేపు తుడిస్తే పోతుంది. బీడు పెంకను కడిగి అలాగే బోర్లిస్తే ఆరిన చుక్కల చోట రాత్రికి రాత్రే తుప్పు కనిపిస్తుంది.

కొనేటప్పుడు, తెచ్చాక

అంగట్లోనో దుకాణంలోనో బీడు పాత్రను చేతికి తీసుకుని వేలి కణుపుతో కొట్టి చూడాలి. గణగణమని మోగితే మంచిది, డొల్లగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టు అనుమానించాలి. దుకాణం నేల మీది షాబాద్ బండపై పెట్టి, ఊగుతోందా లేదా చూడాలి; ఇండక్షన్ పొయ్యి ఉన్నవారికి అడుగు సమంగా ఉండటం తప్పనిసరి. తెల్లని గుడ్డతో లోపల గట్టిగా రుద్దితే నల్లరంగు అంటుకుంటే తుప్పు కనపడకుండా రంగు పూసి ఉండవచ్చు, దానిని వదిలేయాలి. ఎనామిల్ గిన్నె పార్శిల్‌లో వస్తే వెంటనే విప్పి, అంచులు, చెవులు, మూత అంచు వెలుతురులో చూసుకుని, పెచ్చు ఊడి ఉంటే గడువులోపల తిప్పి పంపాలి. పలుచని స్టీలు రేకు మీద ఎనామిల్ వేసిన గిన్నెలు చూడటానికి అలాగే ఉంటాయి, ధర తక్కువ. అవి త్వరగా కాగి త్వరగా మాడుస్తాయి, ఈ పోలికలోకి రావు.

కొత్త బీడు పెంకను మన ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టి, తోమి, ఆ తర్వాత నూనె పట్టిస్తారు. ఈ పద్ధతి ఇప్పటికీ మంచిదే, నానబెట్టడం మాత్రం ఒక రాత్రికి మించకూడదు. తర్వాత పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, అతి పలుచగా నూనె రాసి, రాసిన నూనె కూడా కనపడనంతగా గుడ్డతో తుడిచి, పొగ వచ్చి ఆగేవరకు కాల్చాలి. మూడు, నాలుగు సార్లు ఇలా చేస్తే పునాది పొర ఏర్పడుతుంది. నూనె మందంగా రాస్తే బంక కట్టి పెచ్చులుగా లేస్తుంది. నూనె ఎంపిక మన పొలాల్లోనే ఉంది. కుసుమ నూనె గాలికీ వేడికీ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి పునాదికి అది ఉత్తమం. పల్లీ నూనె నెమ్మదిగా పట్టినా, రోజువారీ వాడకానికి సరిపోతుంది. ఈ ప్రాంతంలో విస్తారంగా పండిన ఆముదం మాత్రం గట్టిపడే గుణం లేని నూనె, దానితో సీజనింగ్ కుదరదు. దోశ పెంక మీద సగం ఉల్లిగడ్డను ఫోర్కుకు గుచ్చి నూనెలో ముంచి రుద్దే అలవాటు ఆ పొరను రోజూ కొంచెం కొంచెం పెంచుతుంది.

పాత్రలు తోమడానికి మరొకరు సాయం చేసే ఇంట్లో ఒక మాట ముందే చెప్పాలి: బీడు పెంకకు బూడిద, చింతపండు తగలకూడదు. ఇత్తడి బిందెకు మెరుపు తెచ్చే ఆ రెండూ ఇనుము మీది నూనె పొరను తినేస్తాయి. కొంచెం సబ్బు, వేడి నీళ్లు, మెత్తని పీచు చాలు. కడిగిన వెంటనే రెండు నిమిషాలు మంట మీద పెట్టి, ఒక చుక్క నూనె రాసి ఉంచాలి. ఈ చివరి పని రోజూ చేసే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోతే బీడు కొనకపోవడమే మంచిదని నేను నిజాయితీగా చెబుతాను.

ఎవరికి ఏది

పది అంగుళాల బీడు పెంక రెండు, రెండున్నర కిలోలు ఉంటుంది. ఐదు లీటర్ల ఎనామిల్ గిన్నె మూతతో కలిపి దాదాపు ఐదు కిలోలు. కూరతో నిండితే దానిని ఒక చేత్తో దింపడం ఎవరికీ కుదరదు. మణికట్టు నొప్పులున్న పెద్దవారు ఒంటరిగా వండుకునే ఇంట్లో రెండూ వద్దు. స్థానిక కమ్మరి చేసిన రేకు పెంక అక్కడ సరైన వస్తువు, వేడి విషయంలో కొంచెం ఎక్కువ శ్రద్ధ అడుగుతుంది కానీ చేతికి బరువు కాదు.

రోజూ రొట్టె కాల్చే ఇల్లు అయితే సందేహం అక్కర్లేదు, బీడు పెంకే కొనాలి. అన్నం, పులుసు ప్రధానంగా ఉండి, రొట్టె ఎప్పుడో ఒకసారి చేసుకునే ఇంట్లో, మట్టి చట్టి పగిలి ఇబ్బంది పడుతున్నవారికి, వారాంతాల్లో మాంసం నెమ్మదిగా వండుకునే తీరిక ఉన్నవారికి ఎనామిల్ గిన్నె మంచి పెట్టుబడి; నలుగురికి నాలుగు నుంచి ఐదు లీటర్లు సరిపోతుంది. కట్టెల పొయ్యి మీద వండేవారు ఎనామిల్ జోలికి పోకూడదు, మంట అదుపులో ఉండదు, బయటి పూత మసితో పాడవుతుంది. బీడుకు ఆ బాధ లేదు. హైదరాబాద్‌లో అద్దె గదిలో ఇండక్షన్ మీద వండుకునే పిల్లలకు ఇచ్చి పంపాలంటే చదునైన అడుగున్న చిన్న బీడు పెంక చాలు, ఇండక్షన్ మీద మొదట తక్కువ వేడిలోనే పెట్టాలని మాత్రం చెప్పి పంపాలి, ఒక్కసారిగా ఎక్కువ వేడి పెడితే నడుమ మాత్రమే కాగి బీడు పగిలే అవకాశం ఉంది.

ఇప్పటికే ఇంట్లో ఎనామిల్ గిన్నె ఉండి దాని లోపలి పూత పెచ్చు ఊడి ఉంటే, అందులో వంట ఆపేయాలి. ఒకచోట ఊడిన గాజు పక్కన మరింత ఊడుతుంది, ఆ ముక్కలు కూరలో కలుస్తాయి, దానిని ఇంట్లో సరిచేసే మార్గం లేదు. ఊడింది బయటి అంచున మాత్రమే అయితే ఆ చోట కొంచెం నూనె రాస్తూ, తుప్పు లోపలికి పాకకుండా చూసుకుంటూ మరికొన్నేళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు.